ఉక్కు నగరం నుంచి పాటల మార్కెట్‌కు: కొత్త గాయకులను మ్యూజిక్ లేబుళ్లు ఎలా గుర్తిస్తున్నాయి?

2023వ సంవత్సరపు 71వ జాతీయ చలనచిత్ర పురస్కారాలను కేంద్ర ప్రభుత్వం 2025 ఆగస్టు 1న ప్రకటించింది. ఉత్తమ నేపథ్య గాయనిగా శిల్పా రావు, ఉత్తమ నేపథ్య గాయకుడిగా పి.వి.ఎన్.ఎస్. రోహిత్ ఎంపికయ్యారు. ఆమెకు ‘జవాన్’ హిందీ చిత్రంలోని ‘చలేయా’ పాటకు, ఆయనకు ‘బేబీ’ తెలుగు చిత్రంలోని ‘ప్రేమిస్తున్నా’ పాటకు ఈ గౌరవం దక్కింది. ఒకే ఏడాది ఈ రెండు పురస్కారాలూ తెలుగువారికే రావడం తెలుగు శ్రోతలకు ఆనందం కలిగించిన విషయం. ఆ ఇద్దరిలో శిల్పా రావు పుట్టిపెరిగినది హైదరాబాదులోనో, విజయవాడలోనో కాదు. జార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో.

ఆ వార్త జంషెడ్‌పూర్‌లోని ఎందరో తెలుగు యువతీ యువకులలో ఒక ఆశను, దానితోపాటు ఒక ప్రశ్నను రేపి ఉంటుంది. సినిమా పరిశ్రమ లేని, పెద్ద రికార్డింగ్ సంస్థల కార్యాలయాలు లేని ఊరిలో ఉన్న గాయకుడు లేదా స్వరకర్త ఒక మ్యూజిక్ లేబుల్ దృష్టిలో పడడం ఎలా? ఈ ప్రశ్నకు పాతికేళ్ల కిందటి జవాబు ఇప్పుడు చెల్లదు. నేడు లేబుళ్లు తెలియని ప్రతిభను వెతికి పట్టుకోవడం కన్నా, అప్పటికే శ్రోతలను సంపాదించుకున్న ప్రతిభను ఎంచుకోవడానికే మొగ్గు చూపుతున్నాయి. కాబట్టి కొత్త కళాకారుడు ముందుగా సమకూర్చుకోవలసినవి రెండు: తనకంటూ కొందరు శ్రోతలు, తన పాటపై తన హక్కును నిరూపించే పత్రాలు. మొదటిది లేకపోతే లేబుల్ రాదు. రెండవది లేకపోతే లేబుల్ వచ్చినా కళాకారుడికి మిగిలేది స్వల్పం.

వ్యక్తుల మీదుగా సాగిన దారి

శిల్పా రావు ప్రస్థానాన్ని గమనిస్తే నిన్నటి దారి ఎలా ఉండేదో స్పష్టమవుతుంది. 1984లో జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబంలో జన్మించిన ఆమెకు తొలి గురువు తండ్రే. పదమూడేళ్ల వయసులో గాయకుడు హరిహరన్‌ను కలుసుకోవడం, ఆయన ప్రోత్సాహంతో ఉస్తాద్ గులాం ముస్తఫా ఖాన్ వద్ద హిందుస్థానీ శిక్షణకు చేరడం ఆమె జీవితంలో మలుపు. ఆ తరువాత శంకర్ మహాదేవన్ ప్రోత్సాహం లభించింది. ముంబయిలో మూడేళ్లపాటు వాణిజ్య ప్రకటనలకు జింగిల్స్ పాడారు. 2007లో విడుదలైన ‘అన్వర్’ చిత్రంలో మిథూన్ స్వరపరచిన పాటతో సినీ రంగంలో అడుగుపెట్టారు. 2016లో పాకిస్థాన్‌కు చెందిన కోక్ స్టూడియో కార్యక్రమంలో పాడారు. 2024లో ‘దేవర’ చిత్రంలోని ‘చుట్టమల్లే’ పాట ద్వారా ఇంటి భాషలో తెలుగు ప్రేక్షకులందరికీ చేరువయ్యారు.

ఈ క్రమంలో ప్రతి మెట్టు వద్దా ఒక వ్యక్తి కనిపిస్తారు: తండ్రి, గురువు, పెద్ద గాయకుడు, స్వరకర్త. మ్యూజిక్ లేబుల్ పేరు ఎక్కడా ముందుకు రాదు. భారతీయ సంగీత వ్యాపారపు స్వభావం ఇందులోనే ఉంది. మన దేశంలో సంగీత విపణిని సినిమా పాట దశాబ్దాలుగా శాసిస్తున్నది. చిత్ర నిర్మాత ఆడియో హక్కులను లేబుల్‌కు విక్రయిస్తాడు. గాయకుడిని సాధారణంగా సంగీత దర్శకుడు ఎంపిక చేస్తాడు. అందువల్ల సినిమా గాయకుడు కాదలచినవారు లేబుల్‌కు డెమో పంపడం కన్నా, స్వరకర్తల చెవిన తమ గొంతు పడే మార్గాన్ని చూసుకోవడం నేటికీ ఫలవంతమైన పద్ధతి. ట్రాక్ పాడడం, బృందగానంలో పాల్గొనడం, జింగిల్స్ పాడడం ఆ మార్గంలోని మెట్లే. సొంత పాటలతో స్వతంత్ర కళాకారుడిగా నిలవదలచినవారి సంగతి వేరు. లేబుళ్లు నేరుగా ఒప్పందం కుదుర్చుకునేది ప్రధానంగా వారితోనే.

కంపెనీయే వెతుక్కుంటూ వచ్చిన కాలం

జంషెడ్‌పూర్‌కు రైలు మార్గంలో సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని కలకత్తాయే భారతీయ రికార్డింగ్ పరిశ్రమకు పుట్టిల్లు. గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బెర్గ్ 1902లో అక్కడికి వచ్చి గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. 1908లో అదే నగరంలోని సియాల్దాలో రికార్డుల కర్మాగారం వెలసింది. హెచ్.ఎం.వి. ముద్రతో ఇంటింటికీ చేరిన ఆ సంస్థే నేటి సరిగమ. రికార్డింగ్ యంత్రం, ముద్రణ, పంపిణీ అన్నీ కంపెనీ చేతిలోనే ఉన్నందున ఎవరి గొంతు రికార్డు కావాలో కంపెనీయే నిర్ణయించేది. 1983లో ప్రారంభమైన టి-సిరీస్ వంటి సంస్థలు క్యాసెట్ ధరను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చి విపణిని విస్తరింపజేశాయి. అయినా కళాకారుడు కంపెనీ గడప తొక్కక తప్పలేదు.

ఇప్పుడు రికార్డింగ్ ఖర్చు తగ్గింది. ఒక మంచి మైకు, ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటరు ఉంటే కదమాలోని క్వార్టర్‌లోనో, మాన్గోలోని మేడ గదిలోనో పాట తయారవుతుంది. పంపిణీ సంస్థలకు స్వల్ప రుసుము చెల్లిస్తే ఆ పాట ప్రపంచంలోని ప్రధాన స్ట్రీమింగ్ వేదికలన్నింటికీ చేరుతుంది. అంతర్జాతీయ ఫోనోగ్రాఫిక్ పరిశ్రమల సమాఖ్య నివేదిక ప్రకారం 2024లో ప్రపంచ రికార్డింగ్ సంగీత ఆదాయం 2,960 కోట్ల డాలర్లు. అందులో 69 శాతం స్ట్రీమింగ్ ద్వారా సమకూరినదే. విడుదల చేయడం ఇంత సులభమైనప్పుడు కష్టమంతా వినిపించుకోవడానికి మారింది. లేబుల్ పాత్ర కూడా అక్కడికే మారింది. పాటను తయారు చేసిపెట్టడం కన్నా, తయారైన పాటను మరింత మందికి చేర్చడమే నేడు లేబుల్ చేసే ప్రధానమైన పని.

లేబుల్ ఏమి చూస్తుంది?

వీక్షణల సంఖ్య ఎక్కువగా ఉంటే చాలునని కొత్త కళాకారులు సాధారణంగా భావిస్తారు. అనుభవం ఉన్న లేబుల్ ఆ సంఖ్య వెనుక ఉన్నదేమిటో చూస్తుంది. పాటను చివరి వరకు విన్నవారెందరు, మళ్లీ వచ్చి విన్నవారెందరు, తమ జాబితాలో భద్రపరచుకున్నవారెందరు, వారు ఏ నగరాలలో ఉన్నారు అనే వివరాలు స్ట్రీమింగ్ వేదికలు కళాకారులకు ఇచ్చే గణాంకాలలో చాలావరకు కనిపిస్తాయి. లక్ష మంది ఒకసారి చూసి మరచిన వీడియో కన్నా, రెండు వేల మంది నెలనెలా వెతుక్కుని వినే గొంతు లేబుల్‌కు నమ్మదగిన పెట్టుబడి. మొదటిది ఒక సందర్భపు సందడి. రెండవది తదుపరి పాటకు కూడా వచ్చే శ్రోతల సమూహం.

వేదికల నిబంధనలూ ఈ దిశగానే ఉన్నాయి. గడచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినిపించని పాటకు స్పాటిఫై 2024 నుంచి రాయల్టీ లెక్కించడం లేదు. యూట్యూబ్‌లో ప్రకటనల ఆదాయం పొందడానికి 1,000 మంది చందాదారులతోపాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ సమయం గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు గానీ ఉండాలి. వీక్షణలను డబ్బుతో కొనే అడ్డదారి మరింత ప్రమాదకరం. కృత్రిమంగా పెంచిన శ్రవణాలు బయటపడితే పాటను తొలగించే అవకాశం ఉంది. అటువంటి పాటలకు లేబుళ్ల నుంచి, పంపిణీ సంస్థల నుంచి స్పాటిఫై జరిమానా కూడా వసూలు చేస్తున్నది. అటువంటి చరిత్ర ఉన్న కళాకారుడిని దగ్గరకు తీయడానికి సంస్థలు వెనుకాడడం సహజం.

రెండవది నిలకడ. ఒక పాట బాగా నడచిన తరువాత ఏడాదిపాటు మౌనంగా ఉండే వ్యక్తిపై పెట్టుబడి పెట్టడం కష్టం. ఆరేడు వారాలకొక పాట చొప్పున ఏడాదిలో ఎనిమిది పాటలు విడుదల చేసినవారి పనిలో ఒక క్రమం, ఎదుగుదల కనిపిస్తాయి. మూడవది వేదికపై పాడగల శక్తి. స్టూడియోలో సరిదిద్దిన గొంతు వేదికపై నిలుస్తుందా లేదా అన్నది కచేరీ వీడియోలో తెలిసిపోతుంది. నాల్గవది విలక్షణత. ప్రసిద్ధ సినిమా పాటలను తిరిగి పాడడం ద్వారా గొంతు నలుగురికీ తెలుస్తుంది. కానీ ఆ పాట రచన, సంగీతాలపై హక్కు వేరొకరిది. యూట్యూబ్‌లో ఆ వీడియోపై వచ్చే ఆదాయం హక్కుదారుకు పోవచ్చు. కవర్ పాట పరిచయ పత్రం మాత్రమే. సొంత పాటే ఆస్తి.

సినిమాలోకి కూడా ఈ దారి తెరుచుకుంటున్నదని తెలుగు రాష్ట్రాల అనుభవం చెబుతున్నది. చౌరస్తా బృందం పాటల ద్వారా యువ శ్రోతలను సంపాదించుకున్న రామ్ మిరియాల, 2021లో ‘జాతిరత్నాలు’ చిత్రంలో ‘చిట్టి’ పాట పాడి విస్తృత ప్రజాదరణ పొందారు. టెలివిజన్, యూట్యూబ్ జానపద గీతాలతో ఇంటింటికీ పరిచయమైన మంగ్లీ ఆ తరువాతే సినీ గాయనిగా స్థిరపడ్డారు. ఇద్దరి విషయంలోనూ శ్రోతలు ముందు వచ్చారు, పరిశ్రమ వెనుక వచ్చింది.

జంషెడ్‌పూర్ బలం ఎక్కడ ఉంది?

1907లో సాక్చి గ్రామాన్ని ఉక్కు కర్మాగారానికి ఎంపిక చేసిన నాటి తరువాత ఈ ఊరికి దేశం నలుమూలల నుంచి కార్మికులు వచ్చారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం, ఆంధ్రా అసోసియేషన్ వంటివి తరతరాలుగా తెలుగువారిని కలుపుతున్నాయి. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ మాట్లాడుతూ, ఇరుగుపొరుగున బెంగాలీ, ఒడియా, సంతాలీ వింటూ పెరుగుతారు.

హైదరాబాదు లేబుల్‌కు ఈ గాయకుడు దూరస్థుడు, ముంబయి లేబుల్‌కు అపరిచితుడు. రెండు చోట్లా బయటివాడు కావడం నిజంగానే ప్రతికూలత. అయితే ఆ స్థితిలోనే ఒక అనుకూలతా ఉంది. తెలుగు, హిందీ రెండింటినీ సహజమైన ఉచ్చారణతో పాడగల గొంతుకు, ఒకే చిత్రం పాటలు అనేక భాషల్లో విడుదలవుతున్న ఈ కాలంలో గిరాకీ ఉంది. శిల్పా రావు రెండు భాషలలోనూ రాణించడం ఇందుకు ఉదాహరణ.

మరొక బలాన్ని ఎవరూ అంతగా లెక్కలోకి తీసుకోలేదు. జంషెడ్‌పూర్ తెలుగువారి వంటి సమాజాలు ఖరగ్‌పూర్‌లో, రూర్కెలాలో, భిలాయిలో, బరంపురంలో, రాయగడలో ఉన్నాయి. వాటిలో చాలా వాటిని రైల్వేలు, ఉక్కు కర్మాగారాలే పెంచాయి. ప్రవాసాంధ్ర జీవితం, పండుగలు, సొంత ఊరి జ్ఞాపకం, పిల్లల భాషా సమస్య ఈ పట్టణాలన్నింటికీ ఉమ్మడి అనుభవం. దాని గురించి పాడే సొంత గొంతు వారికి దాదాపు లేదు. శ్రీరామనవమికి, ఉగాదికి, గణపతి నవరాత్రులకు వారి సంఘాలు కచేరీలు ఏర్పాటు చేస్తూనే ఉంటాయి. ఒక యువ బృందం ఈ పట్టణాలన్నింటిలో ఏడాది పాటు ప్రదర్శనలిచ్చి, ప్రతి చోటా రెండు సొంత పాటలు పాడి, విన్నవారిని తన ఛానల్‌కు రప్పించగలిగితే, ఏ లేబుల్‌కైనా చూపదగిన శ్రోతల పటం దాని చేతిలో ఉంటుంది. హైదరాబాదు మధ్యలో పదివేల మందితో పోటీ పడడం కన్నా ఇది సాధ్యమైన పని.

నగరంలోనే మరో ఆదర్శం కూడా ఉంది. 2014లో మొదలై, టాటా స్టీల్ ఫౌండేషన్ నిర్వహిస్తున్న ‘సంవాద్’ ఆదివాసీ సమ్మేళనం ప్రతి నవంబరులో దేశంలోని తెగల కళాకారులను జంషెడ్‌పూర్‌కు తెస్తున్నది. ఆ వేదికపై రూపుదిద్దుకున్న ‘రిథమ్స్ ఆఫ్ ది ఎర్త్’ బృందంలో వివిధ తెగల సంగీతకారులు కలిసి పనిచేస్తున్నారు. నాగపురి గాయకులు ముకుంద్ నాయక్‌కు 2017లో, మధు మన్సూరీ హస్ముఖ్‌కు 2020లో పద్మశ్రీ పురస్కారాలు లభించాయి. సొంత నేల పాటను వదలకుండానే జాతీయ గుర్తింపు పొందవచ్చునని ఈ పొరుగువారు నిరూపించారు.

సంతకానికి ముందు

అసలు ప్రమాదం గుర్తింపు రాకపోవడం కాదు. గుర్తింపు వచ్చిన తొందరలో హక్కులు చేజారడం. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం పాటలో మూడు వేర్వేరు హక్కులు ఉంటాయి: సాహిత్యంపై రచయితకు, బాణీపై స్వరకర్తకు, రికార్డింగ్‌పై దాని నిర్మాతకు. చొరవ తీసుకుని, బాధ్యత వహించి రికార్డింగ్ చేయించినవారే చట్టం దృష్టిలో నిర్మాత. సొంత ఖర్చుతో పాట రికార్డు చేసుకున్న కళాకారుడే ఆ రికార్డింగ్‌కు తొలి యజమాని అన్నమాట. ఆ హక్కు విడుదల తరువాత 60 ఏళ్లపాటు ఉంటుంది. లేబుల్ అడిగేది సరిగ్గా దానినే.

ఒప్పందాలలో రెండు రకాలు ఉన్నాయి. ఒకటి హక్కుల పూర్తి బదలాయింపు. మరొకటి నిర్ణీత కాలానికి ఇచ్చే లైసెన్సు. కొత్త కళాకారుడికి వీలైనంతవరకు రెండవదే మేలు. బదలాయింపు లిఖితపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుందని చట్టంలోని సెక్షన్ 19 చెబుతున్నది. ఏ కృతి, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత ప్రతిఫలం అనేవి పత్రంలో ఉండాలి. కాలం పేర్కొనకపోతే ఐదేళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితంగా భావించాలి. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించకపోతే, ఒప్పందంలో వేరుగా రాసుకోని పక్షంలో, అది రద్దవుతుంది. ‘శాశ్వతంగా’, ‘ప్రపంచమంతటా’, ‘ఇకపై రాబోయే మాధ్యమాలన్నింటిలో’ అనే మూడు మాటలు ఒకే పేరాలో కనిపిస్తే, న్యాయవాదికి చూపించకుండా సంతకం చేయరాదు.

2012 సవరణ గీత రచయితలకు, స్వరకర్తలకు ఒక రక్షణ కల్పించింది. హక్కులు బదలాయించినా, తమ రచన వినియోగంపై సమాన ప్రాతిపదికన రాయల్టీ పొందే హక్కును వారు వదులుకోవడానికి వీలు లేదు. గాయకులకూ ప్రదర్శకుల హక్కులు బలపడ్డాయి. అయితే ఈ రాయల్టీ దానంతట అదే ఇంటికి రాదు. రచయితలు, స్వరకర్తలు 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీలో సభ్యత్వం తీసుకుని తమ పాటలను నమోదు చేసుకోవాలి. గాయకులకు వేరే సంఘం ఉంది. ప్రతి రికార్డింగ్‌కు ఉండే 12 అక్షరాల అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య సరిగా ఉందో లేదో, రచయిత, స్వరకర్త, వాద్యకారుల పేర్లు విడుదల వివరాల్లో సరిగా నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. స్నేహితులతో కలిసి చేసిన పాటకు ఎవరి వాటా ఎంత అన్నది విడుదలకు ముందే ఒక కాగితంపై రాసుకోవాలి. పాట ప్రజాదరణ పొందిన తరువాత ఆ కాగితం రాయడం ఎంతో కష్టం.

అవకాశం ఇస్తామంటూ కళాకారుడి నుంచే డబ్బు అడిగే సంస్థల విషయంలో అప్రమత్తత అవసరం. లేబుల్ పెట్టుబడి పెడుతుంది. అందుకు ప్రతిగా హక్కులో వాటా కోరుతుంది. డబ్బూ తీసుకుని, హక్కూ తీసుకునే సంస్థను లేబుల్ అనలేము. ముందుగా ఇచ్చే అడ్వాన్సు బహుమానం కాదనీ, రాబోయే రాయల్టీ నుంచి దానిని మినహాయించుకుంటారనీ కూడా గుర్తుంచుకోవాలి.

జానపదం ఎవరిది?

ఉత్తరాంధ్ర జానపదానికి నేడు మార్కెట్ ఉంది. 2020లో వచ్చిన ‘పలాస 1978’ చిత్రం ద్వారా ‘నాదీ నక్కిలీసు గొలుసు’ పాట శ్రీకాకుళం సరిహద్దులు దాటి అందరికీ చేరింది. 2021లో ‘సారంగ దరియా’ పాట విషయంలో, ఆ జానపదాన్ని తొలుత వెలుగులోకి తెచ్చిన ఘనత ఎవరిదన్న వివాదం చెలరేగింది. జానపదం సమాజపు ఉమ్మడి సొత్తు కాబట్టి ఎవరైనా పాడవచ్చు. కానీ ఒకరు సేకరించి, మరొకరు రాసి, వేరొకరు రికార్డు చేసినప్పుడు పేరు ఎవరికి, ప్రతిఫలం ఎవరికి అనే ప్రశ్న తలెత్తుతుంది. అమ్మమ్మల నుంచి విన్న పాటలతో ముందుకు రాదలచిన జంషెడ్‌పూర్ యువత, ఏ ఊరివారు, ఎవరి నోట విన్నామన్న వివరాలను తేదీతో సహా రికార్డు చేసి ఉంచుకోవడం మంచిది. అది మర్యాద మాత్రమే కాదు, రేపటి వివాదంలో సాక్ష్యం కూడా.

సంస్థలు చేయవలసినది

భారమంతా యువ కళాకారుల భుజాలపై మోపడం న్యాయం కాదు. ఆకాశవాణి ఆడిషన్ పద్ధతిలో బి, బి-హై, ఏ, టాప్ అనే శ్రేణులు ఉన్నాయి. 16 నుంచి 24 ఏళ్ల వారికి సంగీత పోటీలూ ఉన్నాయి. ఈ గుర్తింపుతో లేబుల్ ఒప్పందం వెంటనే రాకపోవచ్చు. కానీ శాస్త్రీయ, సుగమ సంగీతాలలో కళాకారుడి స్థాయిని నిపుణులు నిర్ధారించారన్న విశ్వసనీయత దానికి ఉంది. ప్రవాస తెలుగు సంఘాలు మరొక అడుగు వేయవచ్చు. ఏటా జరిపే ఉత్సవాలలో సినిమా పాటల విభావరితోపాటు స్థానిక యువత రాసి స్వరపరచిన పాటలకు ఒక గంట కేటాయించడం, వాటిని మంచి నాణ్యతతో రికార్డు చేయించి హక్కులను కళాకారులకే వదిలివేయడం సంఘాలకు పెద్ద భారం కాదు. ఒప్పంద పత్రాలను ఉచితంగా పరిశీలించగల న్యాయవాదులు ఆ సంఘాల సభ్యులలోనే దొరకవచ్చు.

జంషెడ్‌పూర్ నుంచి ముంబయికి వెళ్లనిదే గాయని కాలేని రోజులలో శిల్పా రావు తన దారి తాను వేసుకున్నారు. ఆ ప్రయాణానికి నగరం మారవలసి వచ్చింది. నేటి యువతకు నగరం మారడం తప్పనిసరి కాదు. లేబుల్‌కు ఉత్తరం రాయడానికి ముందు మూడు మంచి సొంత పాటలు, వాటిని మళ్లీ మళ్లీ వినే కొన్ని వందల మంది, ప్రతి పాటకు సరైన హక్కు పత్రం సిద్ధం చేసుకుంటే సంప్రదింపుల్లో కళాకారుడు అర్థించే స్థితిలో ఉండడు. తన వస్తువు విలువ తెలిసి బేరం కుదుర్చుకునే స్థితిలో ఉంటాడు.